బందరు తీరం – అద్దకపు వారసత్వం

కృష్ణా నది సాగరంలో కలిసే ప్రాంతానికి చేరువలో, బంగాళాఖాతం ఒడ్డున వెలసిన ప్రాచీనమైన రేవుపట్టణం మచిలీపట్నం. కృష్ణా జిల్లాకు అది ముఖ్యపట్టణం. చుట్టుపక్కల వారు మాత్రం దానిని బందరు అనే పిలుస్తారు. ‘బందర్’ పారశీక భాషాపదం. రేవు అని దానికి అర్థం. రేవు అనే సామాన్యనామమే ఊరి పేరుగా స్థిరపడిందంటే, ఒకనాడు ఈ తీరంలో రేవు అనగానే అందరికీ ఈ ఊరే స్ఫురించేదని ఊహించవచ్చు. విజయవాడ నుండి ఉయ్యూరు, పామర్రుల మీదుగా సుమారు 70 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే బందరు చేరుకుంటాము. పుణె నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ఇక్కడికి వచ్చి ఆగిపోతుంది. దారి పొడవునా కృష్ణా కాలువలు, వాటిని ఆనుకొని వరిచేలు. సముద్రం దగ్గరపడుతున్న కొద్దీ చేలు తగ్గి, తాటిచెట్లు, చవుడు నేలలు కనిపిస్తాయి.

బందరు చూడబోయినవారు సాధారణంగా మంగినపూడి తీరంలో స్నానం చేసి, లడ్డూలు కొనుక్కొని తిరుగుముఖం పడతారు. అందులో తప్పేమీ లేదు. కాని 17వ శతాబ్దంలో డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ఒకరి తరువాత ఒకరుగా, నెలల తరబడి ఓడల్లో ప్రయాణించి ఈ ఊరికే ఎందుకు వచ్చారన్న ప్రశ్న మనసులో పెట్టుకొని చూస్తే ఇదే ఊరు మరొక విధంగా కనిపిస్తుంది. వారిని ఇక్కడికి రప్పించిన వస్తువులలో ముఖ్యమైనది బట్ట. ఈ సీమ నేతగాళ్లు నేసి, ఈ సీమ అద్దకపువారు రంగులు వేసిన నూలుబట్ట. వచ్చినవారి కోటలు కూలిపోయాయి. ఆ బట్టను తయారుచేసే విద్య మాత్రం ఈ ప్రాంతంలో నేటికీ బతికే ఉంది.

పరదేశీయుల జాడను మొదట ఊరి పేటల పేర్లలో వెతకాలి. బందరులో వలందపాలెం ఉంది. పరాసుపేట ఉంది. ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట కూడా ఉన్నాయి. హాలెండు దేశస్థులను పూర్వపు తెలుగువారు వలందులన్నారు. ఫ్రెంచివారిని పరాసులన్నారు. పోర్చుగీసువారు బుడతకీచులయ్యారు. నోరు తిరగని పరదేశపు పేర్లను మనవాళ్లు తమ నాలుకకు అనువుగా మలచుకున్న తీరు ముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు వలందపాలెంలో వలందులు లేరు, పరాసుపేటలో పరాసులు లేరు. అయినా ఆ పేటల్లోని వారు రోజూ ఉత్తరాల మీద, రేషను కార్డుల మీద ఆ పేర్లు రాసుకుంటూనే ఉన్నారు. మరొక విశేషం చెప్పుకోవాలి. ఆంగ్లేయుల పాలన సాగినంత కాలమూ బందరులో ఫ్రెంచివారి కింద ఒక చిన్న స్థలం మిగిలే ఉంది. అది 1947 అక్టోబరులో గాని భారతదేశానికి దక్కలేదు.

ఈ తీరానికి సముద్రవాణిజ్యం ఐరోపావారితో మొదలు కాలేదు. క్రీస్తుశకం తొలి శతాబ్దానికి చెందిన ‘పెరిప్లస్’ అనే గ్రీకు నౌకాయాన గ్రంథం మసాలియా అనే ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నని నూలుబట్టలు విరివిగా తయారవుతాయని చెప్పింది. రెండవ శతాబ్దపు భూగోళవేత్త టాలెమీ ఇదే ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. ఈ పేర్లకూ మచిలీపట్నానికీ సంబంధం ఉన్నదని చరిత్రకారులు పలువురు భావించారు. మచిలీ అంటే చేప కనుక, పట్టణ ద్వారాన్ని చేపకన్నులతో అలంకరించడం వల్ల ఆ పేరు వచ్చిందని ఊరిలో ఒక కథ ఉంది. కథ అందంగానే ఉంది కాని, గ్రీకుల మాట అంతకంటే చాలా పాతది. కాబట్టి పేరు ముందు పుట్టి కథ తరువాత పుట్టిందనుకోవడమే సబబు.

ఇదే తీరంలో దక్షిణంగా ఉన్న మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనాన్ని కూడా ఇక్కడ స్మరించాలి. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు అలా చేయక, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు మాట ఇచ్చాడు. దూరదేశపు వర్తకుడికి భయం లేకుండా ఉంటేనే రేవు వర్ధిల్లుతుందన్న ఎరుక ఆనాటికే ఈ నేలపై ఉన్నదన్నమాట.

గోలకొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరుకు మహర్దశ పట్టింది. రాజధానికి సముద్రం లేదు. బందరే వారికి సముద్రద్వారం అయింది. ఇక్కడి నుండి ఓడలు మక్కా యాత్రికులతో ఎర్రసముద్రానికి, సరుకులతో పెగూకు, సుమత్రాకు, పారశీకానికి వెళ్లేవి. పారశీక వర్తకులు అనేకులు వచ్చి స్థిరపడ్డారు. తరువాతి కాలంలో గోలకొండ రాజ్యంలో ఉన్నత పదవికి ఎదిగిన మీర్ జుమ్లా అటువంటి ఇరానీ వర్తకుడే. అతడు కొంతకాలం ఈ రేవు అధికారిగా పనిచేశాడు. వజ్రాల వ్యాపారం కోసం 1652లో ఇక్కడ ఓడ దిగిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే, ఊరిలోని కట్టెల ఇళ్లను చూసి పెద్దగా మెచ్చుకోలేదు గాని, బంగాళాఖాతంలో ఓడలు నిలవడానికి ఇంతకంటే మంచి తావు లేదని రాశాడు.

డచ్చివారు 1605లో బందరులో వర్తకస్థావరం నెలకొల్పారు. వారికి నిజంగా కావలసినవి లవంగాలు, జాజికాయ, జాపత్రి. అవి దొరికేది తూర్పున ఉన్న మొలక్కా దీవులలో. మరి బందరులో పనేమిటి? సుగంధద్రవ్యాలు పండించే ఆ దీవులవాసులు తమ సరుకుకు బదులుగా కోరుకునే వస్తువులలో కోరమండల తీరపు రంగుబట్టలు ముఖ్యమైనవి. కాబట్టి డచ్చివారు ముందు ఇక్కడ బట్ట కొని, దానిని తూర్పు దీవులకు తీసుకుపోయి, అక్కడ లవంగాలుగా మార్చుకొని, ఆ లవంగాలను ఐరోపాలో అమ్ముకునేవారు. వారి తూర్పు దేశపు వ్యాపారమనే గొలుసులో బందరు బట్ట ఒక ముఖ్యమైన కొలికి. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో వచ్చిన ఆంగ్లేయులు ఇదే లెక్క వేసుకొని ఇక్కడ స్థావరం పెట్టారు. ఫ్రెంచివారు 1669లో వచ్చారు.

ఈ వ్యాపారంలో లాభం ఎవరికి ఎంత చేరిందన్నది వేరే ప్రశ్న. పరదేశీయులు నేరుగా నేతగాడి ఇంటికి వెళ్లేవారు కారు. మధ్యవర్తులైన మన వర్తకుల ద్వారా బయానా ఇచ్చేవారు. బయానా పుచ్చుకున్న నేతగాడు చెప్పిన కొలతకు, చెప్పిన గడువుకు బట్ట ఇవ్వాలి. బియ్యం ధర పెరిగినా బట్ట ధర పెరగదు. 1630వ దశకపు తొలి సంవత్సరాలలో వచ్చిన భయంకరమైన కరువులో ఈ తీరపు నేతగాళ్లు, అద్దకపువారు ఎందరో మరణించారు. కరువు వచ్చినప్పుడు కోరమండల తీరంలో మనుషులను సైతం బానిసలుగా కొని డచ్చి ఓడలలో తూర్పు దీవులకు తరలించారు. వలందుల సమాధులపై చెక్కిన అందమైన అక్షరాలను చూసేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుండాలి.

ఆంగ్లేయ వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ కొంతకాలం బందరులో ఉండి, గోలకొండ రాజ్యాన్ని గురించి రాసిన వివరణ 1626లో అచ్చయింది. ఈ సీమలో దొరికే ఒక వేరు నుండి వచ్చే ఎరుపు రంగును అతడు ఎంతో మెచ్చుకున్నాడు. బట్ట చిరిగిపోయినా ఆ రంగు వెలియదని అతని అభిప్రాయం. ఆ వేరు పేరు చిరివేరు. ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. నీటిలో ఉతికినా పోని రంగు వేయడం ఆనాటి ఐరోపావారికి చేతకాని పని. వారి బట్టల మీది బొమ్మలు ఒక్క ఉతుకుకే చెదిరిపోయేవి. అందువల్ల బందరు అద్దకపుబట్టలు అక్కడి సంపన్నుల ఇళ్లలో పరదాలుగా, పడకదుప్పట్లుగా, చివరికి ఒంటిమీది దుస్తులుగా మారడానికి ఎంతోకాలం పట్టలేదు. డచ్చివారు వాటిని ‘సిట్స్’ అన్నారు. ఆంగ్లేయులు ‘చింట్జ్’ అన్నారు. జపానుకు చేరినవి అక్కడ ‘సరస’ అయ్యాయి.

ఆదరణ ఎంతగా పెరిగిందంటే ఐరోపా నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. తమ ఉన్ని, పట్టు బట్టలను కొనేవారు లేరని ఆందోళన చేశారు. 1686లో ఫ్రాన్సు ఇటువంటి బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1720లో మరింత కఠినమైన మరొక చట్టం చేసింది. వర్తకం గురించి చదివేటప్పుడు ‘స్వేచ్ఛావాణిజ్యం’ అనే మాట తరచుగా వినబడుతుంది. తమ గిట్టుబాటు దెబ్బతిన్నప్పుడు ఆ దేశాలే తలుపులు మూసుకున్న సంగతి అంతగా వినబడదు. నిషేధాల మాటున అక్కడివారు అద్దకపు మెలకువలను నేర్చుకున్నారు. తరువాత యంత్రాలు వచ్చాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లుల బట్ట చౌకగా మన తీరానికే దిగుమతి అయింది. 1868–69 నాటికి జర్మనీ శాస్త్రజ్ఞులు ఎర్రరంగునిచ్చే ‘అలిజరిన్’ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరు తవ్వేవారికి పని లేకుండా పోయింది.

ఇక బందరులో పరదేశీయులు మిగిల్చి వెళ్లిన కట్టడాల మాట. ఊరికీ సముద్రానికీ నడుమ బందరుకోట అనే చోటు ఉంది. చేతులు మారుతూ వచ్చిన ఆ కోటను 1750లో ఫ్రెంచివారు చేజిక్కించుకున్నారు. 1759 ఏప్రిల్ 8 తెల్లవారుజాముకు ముందు కర్నల్ ఫోర్డు నాయకత్వంలో ఆంగ్లేయ సైన్యం దానిపై దాడిచేసి గెలుచుకుంది. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి పలుకుబడి ఆ రాత్రితో అంతరించింది. కోటలో ఇప్పుడు చూడదగినవి ఆయుధాగారమని చెప్పే శిథిల కట్టడమూ, కొన్ని గోడలూ మాత్రమే. డచ్చివారి శ్మశానవాటిక ఇంతకంటే శ్రద్ధగా చూడదగినది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆ వాటికలో పెద్ద పెద్ద రాతిపలకల మీద వంశచిహ్నాలు, వాటి కింద ఉబ్బెత్తుగా చెక్కిన డచ్చి అక్షరాలు కనిపిస్తాయి. ఆ భాష తెలియకపోయినా పేర్లను, సంవత్సరాలను కూడబలుక్కొని చదవవచ్చు. వ్యాపారం చేసి ధనవంతులై స్వదేశం చేరాలని వచ్చి, తిరిగి వెళ్లలేకపోయినవారు వీరు. 1824లో ఆంగ్లేయులతో చేసుకున్న ఒప్పందం ప్రకారం డచ్చివారు ఈ తీరంలో మిగిలిన తమ స్థావరాలన్నీ వదులుకున్నారు.

కోటను పాడుచేసినది యుద్ధం కంటే సముద్రం. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో కడలి కట్టలు తెంచుకొని ఊరిమీద పడింది. సుమారు 30,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత కోటలో సైనికదళాన్ని ఉంచడం మానుకున్నారు. తీరవాసులు ఇటువంటి విపత్తును ‘ఉప్పెన’ అంటారు. ఆ మాటలోనే నీరు పైకి ఉబికి రావడం వినిపిస్తుంది. 1977 నవంబరు 19న బందరుకు పొరుగునే ఉన్న దివిసీమను ముంచినదీ ఉప్పెనే. ఆ సీమలోని పెద్దలు నేటికీ తమ జీవితంలోని సంఘటనలను ‘ఉప్పెనకు ముందు’, ‘ఉప్పెన తరువాత’ అని లెక్కవేసి చెబుతారు.

బందరు సముద్రానికి ఇంకొక స్వభావం ఉంది. కృష్ణా నది యుగాలుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టి వల్ల ఇక్కడ సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. అవి దూరంగా లంగరు వేసి నిలిస్తే, పడవలు వెళ్లి సరుకు దించుకొని వచ్చేవి. కోరమండల తీరంలో కెరటాలను దాటడానికి వాడిన పడవను ఐరోపావారు ‘మసూలా పడవ’ అన్నారు. దాని పలకలను మేకులతో బిగించరు. కొబ్బరిపీచు తాళ్లతో కుడతారు. మేకులతో బిగించిన పడవ కెరటం దెబ్బకు పగిలిపోతుంది. కుట్టుపడవ కెరటంతోపాటు కొంచెం వంగి, దెబ్బను ఓర్చుకుంటుంది. ఓడలు పెద్దవవుతున్న కొద్దీ ఈ నిస్సారపు లోతు బందరుకు ప్రతికూలమైంది. వ్యాపారం మద్రాసుకు, తరువాత కాకినాడ, విశాఖపట్నాలకు తరలిపోయింది.

వర్తకానికి చెరుపు చేసిన ఈ లోతు లేమియే నేటి యాత్రికులకు అనుకూలమైంది. ఊరికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న మంగినపూడి తీరంలో చాలాదూరం వరకు నీరు మోకాటిలోతుకు మించదు. కార్తిక పౌర్ణమి వంటి పర్వదినాలలో సముద్రస్నానానికి వేలాదిమంది వస్తారు. ఇక్కడ తెల్లని మెరిసే ఇసుక కోసం చూసేవారికి ఆశాభంగం కలుగుతుంది. కాలి కింద తగిలేది నల్లని మట్టి కలిసిన మెత్తని నేల. అది కృష్ణమ్మ తెచ్చిన మట్టి. పడమటి కనుమల నుండి దక్కను పీఠభూమి దాటి వచ్చిన నేల ఇక్కడ సముద్రంలో కరుగుతున్నదని తెలిసినవారికి ఆ నలుపు అందవిహీనంగా తోచదు. లోతు తక్కువ కదా అని ఏమరుపాటు మాత్రం పనికిరాదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అలలు ఈ తీరాన్ని కూడా తాకాయి. తీరానికి దగ్గరలోని గిలకలదిండిలో చేపల రేవు ఉంది. తెల్లవారుజామున అక్కడికి వెళ్తే వేటనుండి వచ్చిన పడవలు, వాటి చుట్టూ బేరాల సందడి చూడవచ్చు. 2023లో ఈ తీరంలో కొత్త ఓడరేవు నిర్మాణం ప్రారంభమైంది. పూర్వులను వేధించిన ఒండ్రుమట్టితోనే నేటి ఇంజనీర్లు కూడా తలపడవలసి వచ్చింది.

బందరు కళల ఊరు కూడా. వందేమాతరం ఉద్యమ స్ఫూర్తితో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గారల కృషితో ఆంధ్ర జాతీయ కళాశాల ఇక్కడ వెలసింది. చదువుతోపాటు చేతిపనులను, చిత్రకళను నేర్పిన విద్యాలయం అది. వంగదేశీయుడైన ప్రమోద్ కుమార్ చటర్జీ ఇక్కడ చిత్రకళ బోధించారు. ఆయన శిష్యులలో ఒకరైన అడివి బాపిరాజు తరువాతి కాలంలో ఇదే కళాశాలకు ప్రధానాచార్యులయ్యారు. జాతీయ పతాకానికి రూపకల్పన చేసిన పింగళి వెంకయ్య గారు కూడా ఈ కళాశాలలో పనిచేశారు. ముట్నూరివారి ‘కృష్ణాపత్రిక’ వెలువడినదీ ఈ ఊరినుండే. నాట్యప్రియులు మరికొంత దూరం వెళ్లి కూచిపూడిని చూసి రావచ్చు. గోలకొండ ప్రభువు తానీషా 1678లో బందరుకు వస్తూ దారిలో కూచిపూడి భాగవతుల ప్రదర్శన చూసి, మెచ్చి, ఆ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని ప్రసిద్ధి. రేవుకు పోయే బాట నాట్యానికి కూడా మేలు చేసింది. ఇక బందరు లడ్డూను గురించి ఒక్క మాట. శనగపిండితో చేసిన సన్నని పూసను రోటిలో మెత్తగా దంచి బెల్లపుపాకంలో కలపడం దీని ప్రత్యేకత. అందుకే దీన్ని తొక్కుడులడ్డు అంటారు.

అద్దకపు విద్యను కళ్లారా చూడాలంటే బందరుకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పెడనకు వెళ్లాలి. గుడివాడ నుండి బందరుకు పోయే రైలు ఆ ఊరిలో ఆగుతుంది. ‘కలం’తో చేసే పని కనుక కలంకారీ అని పారశీకులు పేరు పెట్టారు. శ్రీకాళహస్తిలో నేటికీ వెదురు కలంతోనే దేవతామూర్తులను, పురాణకథలను చిత్రిస్తారు. బందరు పద్ధతి వేరు. ఇక్కడ టేకుచెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుతారు. పారశీక విపణికోసం ఎదిగిన కళ కాబట్టి ఇక్కడ లతలు, పువ్వులు, సరుగుడు వంటి నిటారైన చెట్లు, మామిడిపిందెలు ఎక్కువగా కనిపిస్తాయి.

అద్దకంలో మొదటిమెట్టు బట్టను శుద్ధి చేయడం. కోరాబట్టలోని గంజి పోయేదాకా నానబెట్టి, పేడనీటిలో ముంచి, ఎండలో పరచి, ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ తెలుపెక్కిస్తారు. తరువాత కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. ఈ రెండింటికీ వేర్వేరు ప్రయోజనాలున్నాయి. పాలలోని కొవ్వు, అద్దిన రంగు బట్టలో అడ్డదిడ్డంగా పాకకుండా అడ్డుకుంటుంది. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ రసాన్ని కసిమి అంటారు. కుండలో ఉన్నప్పుడు అది నల్లగా ఉండదు. అచ్చుతో బట్టమీద అద్దగానే కరక్కాయతో కలిసి క్షణాలలో నల్లబడుతుంది. రసాయనశాస్త్రం చదివే విద్యార్థులకు ఇది పరిచితమైన చర్యే. ఇనుపలవణమూ టానిన్లూ కలిస్తే సిరా తయారవుతుంది కదా!

ఎరుపు పద్ధతి ఇంకా ఆశ్చర్యకరం. ఎర్రగా ఉండవలసిన చోట అద్దేది ఎర్రరంగు కాదు, పటిక. పటికకు రంగు లేదు. ఎక్కడ అద్దారో కంటికి తెలియడానికి అందులో ఏదో ఒక పోయే రంగును కలుపుతారు. అద్దిన బట్టను కొన్నాళ్లు ఆరనిచ్చి, పారే నీటిలో జాడిస్తారు. నిలవనీరు ఇందుకు పనికిరాదు. విడివడిన పటిక మళ్లీ బట్టకు అంటుకొని తెల్లగా ఉండవలసిన చోట మరకలు పడతాయి. అందుకే ఈ వృత్తి కాలువను వదిలి పోలేదు. ఆ తరువాత పెద్ద రాగిపాత్రలో, రంగునిచ్చే వేరుతో బట్టను ఉడికిస్తారు. బట్ట అంతా అదే నీటిలో మునిగి ఉడికినా, పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మిగిలినచోట ఉతికితే పోతుంది. మెత్‌వోల్డ్ మెచ్చుకున్న చెదరని ఎరుపు వెనుక ఉన్న రహస్యం ఇదే. వేరు గొప్పదే కాని, దానిని బట్టకు బంధించిన పటిక ఇంకా గొప్పది. నీలిరంగు కావలసి వస్తే మిగతా భాగాన్ని మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచేవారు. పసుపురంగు మీద నీలి పడితే ఆకుపచ్చ వస్తుంది. ఇలా ఒక్కొక్క రంగుకూ ఉతకడం, ఆరబెట్టడం మళ్లీ మళ్లీ జరుగుతాయి. వాన పడితే పని ఆగిపోతుంది.

ఇంత శ్రమ ఉన్న వృత్తి యంత్రాల కాలంలో నిలవడం తేలిక కాదు. స్వాతంత్ర్యానంతరం 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలి, అందులో ప్రముఖపాత్ర వహించిన కమలాదేవి చట్టోపాధ్యాయ ఇటువంటి కళలకు ఊపిరి పోశారు. బందరు కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయినా అచ్చులతో ఒక్కొక్క చీరను అద్దేవారికి నేడు అసలు పోటీ పొరుగువారి నుండే వస్తున్నది. తెరలపై రసాయనపు రంగులు పోసి గంటలో పదుల గజాలు తీసే పద్ధతి వచ్చింది. ఆ బట్టనూ కలంకారీ అనే పేరుతోనే అమ్ముతున్నారు. సంతలో రెండింటినీ పక్కపక్కనే పెడితే చౌకగా ఉన్నదే ముందు అమ్ముడుపోతుంది. పటిక అద్ది, కాలువలో జాడించి, వేరుతో ఉడికించినవాడికి కూలి గిట్టదు. అతని కొడుకు విజయవాడలోనో హైదరాబాదులోనో మరొక పని వెతుక్కుంటాడు. ఇందుకు అతనిని తప్పుపట్టలేము. రసాయనపు రంగుల నీరు కాలువలలో కలిస్తే, అదే కాలువలో బట్ట జాడించుకునే మూలికారంగుల వారికి మరొక చిక్కు.

పెడనలో కొనదలచినవారు కొద్దిపాటి పరిశీలనతో తేడాను గుర్తించవచ్చు. చేతితో అద్దిన బట్టలో ఒక అచ్చు ముగిసి మరొక అచ్చు మొదలయ్యే చోట గీత ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది. ఎరుపు మరీ మిరుమిట్లు గొలపదు, కొంచెం ఇటుకరాయి ఛాయలో ఉంటుంది. కొత్తబట్టను ముక్కు దగ్గర పెట్టుకుంటే కరక్కాయ, పాలు కలిసిన వాసన వస్తుంది. ఒకటి రెండు ఉతుకులకు ఆ వాసన పోతుంది.

బందరు నుండి 17, 18 శతాబ్దాలలో ఓడలెక్కిన కోరమండలపు అద్దకపు బట్టల వంటివి నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియంలో అద్దాల వెనుక, మసక వెలుతురులో భద్రంగా ఉన్నాయి. వెలుతురు ఎక్కువైతే పాతబట్టకు హాని కలుగుతుందని అక్కడివారి జాగ్రత్త. పెడనలో మాత్రం ఇప్పటికీ రంగు తేలడానికి బట్టను ఎర్రటి ఎండలోనే పరుస్తారు.